కాశమ్మ నాలుగు కొమ్ముల డబ్బా

ఇబ్రహీంపట్నంల చాపలమ్మే కాశమ్మ దగ్గర బేరమాడితే చాప కంటె ముందు తిట్లు దొరుకుతయి. ఇంట్లనే గంప ముంగటేసుకొని ఫోన్ల లైవ్ పెట్టి అమ్ముడు మొదలువెట్టినంక ఆ తిట్లు బాలాపూర్ దాంక పోయినయి. "ఓ సారూ, ముండ్లు లేని చాప కావాల్నంటే సొరకాయ తిను!" అని ఆమె అంటుంటే, చూసెటోళ్లు నవ్వుకుంటనే ఆర్డర్లిచ్చెటోళ్లు.

ఒకనాడు పిడుగువడి ఇంట్ల నెట్ డబ్బా మాడిపోయింది. ఆ గల్లీల సెల్ సిగ్నల్ అంతంతే. మహేశ్వరంల ఉండే తమ్ముడు అంజిలయ్య నెట్ కంపెనీ మార్చి పాత రౌటర్ సజ్జ మీద పడేసిండు. కాశమ్మ పోయి దాన్ని తెచ్చుకున్నది.

"నాలుగు కొమ్ములున్నయిరా, దున్నపోతుకే రెండు!" అని యాంటెన్నాలు చూసి మురిసి వైరు గుచ్చింది. ఎర్ర లైటు కొట్టుకునుడే తప్ప నెట్ రాలే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒక పిల్ల, "ఒకసారి రీస్టార్ట్ చేయండి మేడమ్" అన్నది. చేసింది. మళ్ల చేయమన్నది.

"బిడ్డా, పొద్దుగాల నుంచి దీన్ని సంపుతున్న, బతికిస్తున్న. జర వేరే మందు చెప్పు."

"మీ రౌటర్ మా లైన్‌కి కంపాటబుల్ కాదు మేడమ్. అంటే, కుదరదు."

"పిల్లకు పిలగానికి కుదరలేదంటె ఇన్న. డబ్బాకు గూడ గోత్రం చూస్తరా?"

ఆ పిల్ల ఫోన్ హోల్డ్‌ల పెట్టింది. ఫోన్ల పాట మొదలైంది.

తెల్లారి నెట్ లైన్లు చూసే ఐలేష్ వచ్చిండు. "అత్తా, మా వైర్ల వెలుగు ఒక తీరుగ వస్తది. గిది ఇంకో తీరు లైన్‌కు చేసిన డబ్బా. నువ్వెంత మొత్తుకున్నా ఇవి రెండు మాట్లాడుకోవు."

"మరి మీ తీరు డబ్బా తే."

"స్టాకు లేదంటుండు మా మేనేజర్ దివాకర్ సార్. వచ్చినంక చెప్తడట."

కాశమ్మకు ఆగుడు తెల్వదు. ఆమె గంపల చాపకు అసలే తెల్వదు. మరునాడు పొద్దుగాల గంప ఎత్తుకపోయి నెట్ ఆఫీసు మెట్ల మీద దించింది. ఐలేష్ దిక్కులు చూసుకుంట ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ చెవుల చెప్పిండు. లైవ్ మొదలైంది.

"నా ఎనక కనవడుతున్నది నెట్టాయన దుకాణమే. ఈయన నెట్టు ఈయన మెట్ల మీద మస్తు ఉరుకుతది. మా ఇంటికే దారి తెల్వదు!"

చూసెటోళ్లు పడి పడి నవ్విండ్రు. కంప్లయింట్ ఇయ్యనీకొచ్చినోళ్లు రవ్వ చాపలు కొనుక్కపోయిండ్రు. ఎండెక్కినంక కంపు లోపలికి పోయింది. మేనేజర్ దివాకర్ కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకొని బయటికొచ్చిండు.

"వాసన తట్టుకోలేకపోతున్నం కాశమ్మా!"

"నీ ముక్కు నా చాపకు కంపాటబుల్ లేదు సార్. రీస్టార్ట్ చెయ్."

లేని స్టాకు మధ్యాహ్నం కల్ల దొరికింది. ఐలేష్ కొత్త డబ్బా బిగిస్తే పచ్చ లైటు వెలిగింది. కాశమ్మ దాని ముంగట కూసొని లైవ్ పెట్టింది. అంత మంచిగనే వచ్చింది. గాని చుట్టూ మనుషులు లేరు, ఎదురు మాట్లాడెటోడు లేడు. తిట్టబుద్ధి గాలే.

తెల్లారి దివాకర్ షటర్ తీసేసరికి గంప మెట్ల మీదనే ఉన్నది.

"మీ ఇంట్ల నెట్ వచ్చింది గద కాశమ్మా?"

"వచ్చింది సార్. గిరాకి ఈడుంది. జర పక్కకు జరుగు, లైవ్ల నీ పొట్ట కనవడుతున్నది."