తాడు కట్టిన కుర్చీ

“కుర్చీలు వెయ్యడానికి వస్తావా బాబాయ్, కూర్చోడానికి వస్తావా?” అని మ్యూజియం వాచ్‌మన్ ఒకసారి మొహం మీదే అడిగేశాడు.

“వేసిన కుర్చీ ఖాళీగా ఉంటే వ్యాపారానికి అచ్చిరాదురా,” అన్నాడు కుర్చీల బాబాయ్.

సగం అబద్ధం. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ ఇనప మడత కుర్చీలు అద్దెకివ్వడం ఆయన బతుకుతెరువు. భార్య పోయాక ఇంటినిండా గోడకి ఆనించిన కుర్చీలే మిగిలాయి. వాటిల్లో విప్పి ఉండేది ఒక్కటే. నాలుగు మాటలు వినబడే చోట కూర్చోవాలనిపించేది. పాత పోస్టాఫీసు భవనంలో పేటవాళ్ళు పెట్టుకున్న మ్యూజియంలో నెలకోసారి చరిత్ర మీదా రాజకీయాల మీదా చర్చ జరిగితే, కుర్చీలు వేసి, వెనక వరసలో తనూ ఒకదాంట్లో సర్దుకునేవాడు.

ఆ చర్చలు ప్రజాస్వామ్యానికి ఊపిరి అని కరపత్రంలో అచ్చేస్తారు. ఊపిరి పీల్చుకోడానికి వచ్చేది గుప్పెడు మంది. వాళ్ళలోనూ కొందరు ఫ్యాను కోసం. అందరూ ముందే ఒప్పుకున్న సంగతిని గంటసేపు మళ్ళీ ఒప్పుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. బాబాయ్‌కి అదేమీ పట్టేది కాదు. టీ తాగేటప్పుడు ఎవరో ఒకరు “చక్కెర సరిపోయిందా?” అనేవారు. ఆ నెలకి ఆయనతో ఎవరైనా మాట్లాడారంటే అదే.

ఒక ఆదివారం మాత్రం చర్చకి విషయం పాత బజారు కూల్చివేత. వక్త ఆ కూల్చివేత నాటి కౌన్సిలర్. అంటే బాబాయ్ సొంత అన్న. కూలగొట్టిన వరసలో వాళ్ళ నాన్న నడిపిన కుర్చీల కొట్టూ ఉంది. కూల్చమన్న తీర్మానం మీద అన్న సంతకం ఉందని తమ్ముడికి తెలిసింది కొట్టు తలుపు మీద నోటీసు అంటించాకే. ఆనాటి నుంచి మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకుంటారు, ఇంకొకరు ఆకాశం చూస్తారు. ఈ వయసులో ఎవరు ముందు మాట కదిపినా పోయే పరువేమీ లేదని బాబాయ్‌కి తెలుసు. కదపడమే చేతకాలేదు. చర్చలో అయితే చెయ్యెత్తి అడగొచ్చు. అడిగితే అన్న తనవైపు చూసి జవాబు చెప్పాల్సిందే.

ఆ రోజు పెందరాళే వచ్చాడు. ఎన్నడూ ఎవరికీ అద్దెకివ్వని, కొట్లో నాన్న కూర్చున్న చేతుల కుర్చీని అటక మీంచి దించి, తుడిచి తెచ్చి, వక్తలు కూర్చునే చోట మధ్యన వేశాడు. అన్న చూస్తాడు, గుర్తుపడతాడు, కూర్చుంటాడు. ఆపైన అడగడం తేలికవుతుంది. మిగతా కుర్చీలు దించడానికి బండి దగ్గరికి వెళ్ళొచ్చేసరికి, ఆ కుర్చీ చేతులకి అడ్డంగా ఎర్రతాడూ, దాని మీద ‘దయచేసి ముట్టుకోవద్దు’ అని రాసిన అట్టముక్కా వేలాడుతున్నాయి.

“ఇదేంట్రా!” అన్నాడు వాచ్‌మన్‌తో.

“పాతసామాను కదా బాబాయ్! పాతది కనిపిస్తే తాడు కట్టెయ్యమని మేడమ్ ఆర్డరు. మొన్న నా సైకిలు తప్పించుకోడమే కష్టమైంది.”

విప్పుదామనేలోగా కార్యదర్శి మేడమ్ అన్నని వెంటబెట్టుకుని వచ్చేసింది. అన్న ఆ కుర్చీ వంక ఓ క్షణం చూసి, పక్కనున్న ఇనప కుర్చీలో కూర్చున్నాడు.

రోడ్డు వెడల్పు, ముందుచూపు, రేపటి తరం... ప్రసంగం దాని దారిన అది నడిచింది. ప్రశ్నల వేళకి బాబాయ్ చెయ్యెత్తి లేచాడు.

“ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఇంట్లో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న మైకు సర్దుకుని, బాబాయ్ తల మీదుగా గోడకేసి చూశాడు.

“ఈ పెద్దమనిషి మంచి ప్రశ్న అడిగారు. ప్రజాజీవితంలో ఉన్నవాడికి ఇల్లు వేరూ, ఊరు వేరూ కాదు.”

చప్పట్లు.

“అది కాదు, నేనడిగేది...”

“ఒకరికి ఒకే ప్రశ్న అండీ,” అంది మేడమ్ నవ్వుతూ. అది అక్కడి నియమం.

బాబాయ్ కూర్చున్నాడు. పెద్దమనిషట! ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటి కోసం కొట్టుకున్నవాడు.

జనం వెళ్ళాక కుర్చీలు మడుస్తుంటే వెనక నుంచి వాచ్‌మన్ కేక వినబడింది.

“సార్, సార్! ముట్టుకోకూడదు!”

తిరిగి చూస్తే అన్న. తాడు కింద నుంచి చెయ్యి దూర్చి, కుర్చీ చేతి అడుగున తడుముతున్నాడు. నాన్న తాళాలగుత్తి తగిలించే మేకు ఉండేది అక్కడే.

“ఏదో పాతది, చూద్దామని,” అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడి వైపు చూడలేదు. పొద్దుగూకి కొట్టు కట్టేసేవేళ నాన్న అడిగే గొంతుతోనే అడిగాడు.

“అద్దె ఇచ్చారా?”

“లేదు.”

“అడగవు నువ్వు. చిన్నప్పట్నుంచీ అంతే.”

బాబాయ్ గొంతు సవరించుకుని “అన్నయ్యా” అనేసరికి అన్న మెట్లు దిగి, మేడమ్‌తో మాట్లాడుతూ కారు దాకా వెళ్ళిపోయాడు.

ఆ నెల కుర్చీల అద్దె, అంతకుముందు రెండు నెలలదీ, మ్యూజియం ఇంకా బాకీ.