మోగకుండా ఆపిన మూడు రోజులు

కోరుట్లలో సయీదా బేగం ఇంటికీ నర్సవ్వ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఇద్దరూ బీడీలు చుట్టేవాళ్లు. సయీదా భర్త జాఫర్ షార్జాలో మేస్త్రీ. నర్సవ్వ కొడుకు సతీశ్‌ను రెండేళ్ల కిందట అతనే తన కంపెనీలోకి పిలిపించుకున్నాడు. ఇద్దరూ ఒకే క్యాంపులో, ఒకే గదిలో ఉండేవాళ్లు.

నర్సవ్వకు ఫోన్ లేదు. రెండిళ్లకూ కలిపి సయీదా దగ్గరున్న నల్లటి బటన్ల ఫోనే దిక్కు. అరచేతిలో దాక్కునేంత చిన్నది. ఒకసారి ఛార్జింగు పెడితే నాలుగు రోజులు నడిచేది. ఎన్నిసార్లు కింద పడ్డా పగల్లేదు. అయితే బీడీల పొగాకు పొడి చేరి, చెవికి ఆనించే చోట సన్నటి రంధ్రాలు పూడుకుపోయాయి. అవతలి మాట సగమే వినిపించేది. గల్ఫ్ నుంచి ఫోన్ వస్తే నంబరు బదులు ఒక్కోసారి వరసగా సున్నాలే పడేవి. తిరిగి చేద్దామన్నా కుదిరేది కాదు.

శుక్రవారం షార్జాలో వాళ్లిద్దరికీ సెలవు. ఆ మధ్యాహ్నం ఫోన్ మోగగానే సయీదా గోడ మీదుగా పిలిచేది. నర్సవ్వ చేతులు కడుక్కుని వచ్చి, ఒక చెవికి ఫోన్ ఆనించి, రెండో చెవిలో వేలు పెట్టుకుని మాట్లాడేది. సతీశ్ ముందు "చాచీ, మంచిగున్నవా?" అని సయీదాను పలకరించాకే తల్లితో మాట్లాడేవాడు.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బడులు మూతపడ్డాయి. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా అయింది. అలాంటి ఒక మంగళవారం పొద్దున, పది దాటాక, ఫోన్ మోగింది. మంగళవారం ఎన్నడూ మోగనిది. తీస్తే సున్నాలు కనిపించాయి.

"నేను సాంబయ్యను, సిరిసిల్లోన్ని," అన్నాడు అవతల మనిషి. సాంబయ్య కూడా ఆ క్యాంపులోనే ఉండేవాడు. తర్వాత గరగర. "...పడ్డడు... నాలుగో అంతస్తు మీదికెళ్లి... దవాఖాన్ల ఉన్నడు... ఇంట్ల చెప్పుండ్రి..."

"ఎవరు పడ్డరు? జాఫరా? సతీశా?"

ఫోన్ కట్ అయింది.

రోడ్డు మీద ఊరేగింపు వెళ్తోంది. జై తెలంగాణ అన్న కేకలు దగ్గరకొచ్చి దూరమయ్యాయి. సయీదా ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. జాఫర్ కాకూడదని మనసులో అనుకుంది. జాఫర్ కాకపోతే ఎవరన్నది కూడా ఆమెకు తెలుసు. గోడ అవతల నర్సవ్వ తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కాసేపటికి మళ్లీ మోగింది. సయీదా తీయలేదు. మూడోసారి మోగగానే ఎర్ర బటన్‌ను చాలాసేపు నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఎత్తితే ఎవరి పేరు వినాల్సి వస్తుందోనన్న భయం తప్ప ఆ క్షణంలో ఆమెకు ఇంకేమీ లేదు.

మర్నాడు నర్సవ్వ గోడ దగ్గరకొచ్చింది.

"సయీదా, నీ ఫోను మోగుతలేదేంది?"

"ఛార్జింగ్ లేదక్కా. కరెంట్ ఉంటలేదు గద."

"గది నాలుగొద్దులు నడుస్తది గద. మొన్ననే పెట్టిన్నంటివి."

సయీదా తలెత్తలేదు. నర్సవ్వ లోపలికి పోయింది. ఆ రోజంతా గోడ అవతల చప్పుడు లేదు.

గురువారం పొద్దున్నే సయీదా బురఖా వేసుకుని సిరిసిల్లకు బయల్దేరింది. సాంబయ్య పోయినసారి సెలవుకొచ్చినప్పుడు జాఫర్ పంపిన మూట తెచ్చుకోవడానికి ఆమె ఒకసారి అక్కడికి వెళ్లి వచ్చింది. వాళ్లిల్లు తెలుసు. ఏ మాటైనా మనిషి ముఖం చూస్తూ వింటే తట్టుకోగలననుకుంది. కొంత దూరం ఆటో, కొంత నడక, మళ్లీ ఆటో. వేములవాడ దగ్గర జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన విస్తరాకులో అన్నం పెట్టి, "తిని పో అమ్మా, గీ ఎండల ఎంత దూరం నడుస్తవ్?" అన్నాడు. ఆమె రెండు మెతుకులు నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు.

సిరిసిల్లకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎప్పుడూ మాట వినబడనంతగా మోగే మరమగ్గాలు కరెంటు లేక ఆగిపోయి ఉన్నాయి. గల్లీ పొడుగునా ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వినిపించింది. సాంబయ్య భార్య సత్యవ్వ గుమ్మంలోనే ఎదురైంది.

"నీ మొగడు మంచిగున్నడు చెల్లె. పడ్డది సతీశ్."

"అల్‌హమ్దులిల్లా." దేవుడికి కృతజ్ఞత చెప్పే ఆ మాట సయీదా నోట్లోంచి వచ్చేసింది. సత్యవ్వ ఆమె వైపు అదోలా చూసింది.

"మా ఆయన ఫోన్ చేసిండు. ఇయ్యాల పొద్దుగాల పానం పోయిందట," అని మెల్లగా చెప్పింది. "రెండొద్దులు తెలివిలనే ఉన్నడట. అవ్వతోని మాట్లాడిపియ్యుండ్రి అన్నడట. మీ ఆయన చేసి చేసి యాష్టపడ్డడు. నీ నంబరు బందని అచ్చిందట."

సయీదా అప్పుడే వెనక్కి బయల్దేరబోయింది. ఆ రాత్రికి సత్యవ్వ ఆమెను కదలనివ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కోరుట్లలో ఆటో దిగి వచ్చేసరికి, నర్సవ్వ సయీదా ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటోంది. ఫోన్ వచ్చే వేళ.

సయీదా ఏదీ దాచలేదు. సతీశ్ పడ్డదీ, రెండు రోజులు తెలివిలో ఉండి పోయిందీ, తాను ఫోన్ ఆపిందీ చెప్పింది. ఛార్జింగ్ లేదన్నది అబద్ధమనీ చెప్పింది. జాఫర్ కాకూడదని అనుకున్నది కూడా చెప్పింది. నర్సవ్వ అరవలేదు. ఒకటే అడిగింది.

"నాతోని మాట్లాడుతనన్నడా?"

"అన్నడటక్కా."

నర్సవ్వ లేచి, గోడకు చేయి ఆనించుకుంటూ తన ఇంటికి పోయింది. అప్పుడు వినిపించింది ఏడుపు.

సతీశ్ శవం వచ్చేసరికి సమ్మె విరమించి బస్సులు తిరుగుతున్నాయి. సయీదా ఆ ఇంటికి వచ్చినవాళ్లకు మూడు రోజులు నీళ్లు మోసింది. నర్సవ్వ వద్దనలేదు, పలకరించనూ లేదు. ఎండాకాలంలో ఆమె జగిత్యాల పోయి సొంతానికి ఒక చిన్న ఫోన్ కొనుక్కుంది. దానికి ఎవరు ఫోన్ చేసేవారో సయీదాకు తెలియదు.

రెండేళ్ల తర్వాత జాఫర్ సెలవుకొచ్చాడు. సంచి గుమ్మంలో దించి, కాళ్లు కూడా కడుక్కోకుండా నర్సవ్వ ఇంటికి వెళ్లాడు. సయీదా తన వాకిట్లో నిలబడింది. లోపల జాఫర్ గొంతు తగ్గించి ఏదో చెప్తున్నాడు. నర్సవ్వ మధ్యమధ్య ఆపి, చెప్పిందే మళ్లీ చెప్పించుకుంటోంది. గంట తర్వాత అతను బయటికొచ్చాడు. ఆ పిల్లవాడు చివరికి ఏమన్నాడో సయీదా భర్తను అడగలేదు. అతనూ చెప్పలేదు.