నీళ్ళు ఇయ్యద్దన్న మాట

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు పాపం, సాధువు అంటారు. నాకు నవ్వొస్తుంది. ఇరవై ఏళ్ళు నిండకముందే మనుషుల తలలు పగలగొట్టిన చేతులివి.

గుడియాత్తంలో మాది మగ్గాలవాళ్ళ వీధి. ఆ మొదటి పెద్ద యుద్ధం ముగిసే ఏడు మా ఊళ్ళకు విషజ్వరం వచ్చింది. వేలూరుకు బట్టలు అమ్మబోయిన నా మొగుడు దాన్ని ఒంట్లో పెట్టుకుని తిరిగొచ్చాడు. ముట్టుకుంటే చెయ్యి కాలేది.

"మే, రవ్వంత నీళ్ళు ఇయ్యే" అన్నాడు. నేను చెంబు ముంచాను. మా అత్త నా చేతిలోంచి లాక్కుంది.

"జొరంలో నీళ్ళు తాగితే జన్ని కమ్మి పానం పోతాది. ఇయ్యద్దు" అంది.

ఆ మాట మా అత్త పుట్టించింది కాదు. లంఖణం పరమౌషధమని ఊరంతా నమ్మేది. రెండు రోజులు అడిగాడు. మూడోనాడు అడగడానికి నాలుక తిరగక నా కొంగు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. మధ్యాహ్నానికి పోయాడు. ఆ నెలలో మా వీధిలో శవం లేవని ఇల్లు లేదు. ఎవరి ఏడుపు వాళ్ళే ఏడ్చి మళ్ళీ మగ్గాల్లో కూచున్నారు.

కర్మలయ్యాక ఒకరోజు పొద్దున వీధిలో పడుగు నూలు చాచి గంజి పట్టిస్తున్నారు. నా మొగుడికి వరసకు తమ్ముడయ్యేవాడొకడు పని ఆపి, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగాడు. నేను పక్కనున్న కర్ర తీసి వాడి నెత్తిన కొట్టాను. తెల్లటి పోగుల మీద రక్తం చిమ్మింది. తెలియక కొట్టానని చెప్పను, తెలిసే కొట్టాను. ఆ గుటక చప్పుడు నేను భరించలేకపోయాను. తర్వాత బావి దగ్గర దోసిలి పట్టిన ఎదురింటామెను బిందెతో కొట్టాను. మా అత్తనైతే లెక్కే లేదు. ఆమె చెంబు ముడితే చాలు, జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదేదాన్ని. ఆమె కేక కూడా వేసేది కాదు. అందుకు ఇంకా కోపం వచ్చేది. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలులేని అత్త గుణవంతురాలు అంటారు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం గనుక ఇద్దరికీ ఆ పేరు దక్కలేదు.

మొగుడే దయ్యమై పట్టాడని వీధి తేల్చింది. నాట్రంపల్లి నుంచి మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు నన్ను మా వాకిట్లో స్తంభానికి కట్టించి చింతబరికె అందుకున్నాడు. దెబ్బకు దయ్యం వదులుతుందంటారు గదా. "యార్ నీ? సొల్లు!" అంటూ దయ్యాన్ని తమిళంలో పేరడిగాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ. రవిక చినిగింది, వీపు చినిగింది. జుట్టు పట్టబోతే వాడి మణికట్టు కొరికాను, పళ్ళు ఎముకకు తగిలాయి. వాడు నా చెవి మీద కొట్టాడు. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు.

"నీళ్ళు" అన్నాను.

"చుక్క కూడా ఇయ్యద్దండి, దయ్యం బలుస్తాది" అన్నాడు వాడు.

మధ్యాహ్నంలోగా దయ్యం దిగకపోతే నన్ను వేలూరు అవతల ఒక మండపానికి చేర్చాలని పెద్దలు నిర్ణయించారు. అక్కడ పిచ్చివాళ్ళను గొలుసులతో కట్టి వదిలేసేవారు. అక్కడినుంచి తిరిగొచ్చినవాళ్ళను నేనెరగను. బండి కట్టి ఉంది. గొలుసు బండిలోనే ఉంది.

"అత్తా, నీళ్ళు" అన్నాను మళ్ళీ.

మా అత్త అరుగు దిగొచ్చింది. మంత్రగాడి చేతిలో బరికె లాక్కుని వాడి ముఖం మీదే ఒకటి కొట్టింది.

"దయ్యం లేదు, గియ్యం లేదు. నా కొడుకు నీళ్ళు నీళ్ళని ఏడ్చినాడు. ఈమె ఇయ్యబోతే నేను పెరుక్కున్నా. చంపింది నేను. గొలుసు యాడుండాది? తెచ్చి నన్ను కట్టండి" అంది వీధంతా వినేలా.

నేను బిందెతో కొట్టిన ఎదురింటామె, తలకు కట్టు ఉండగానే ముందుకొచ్చింది. "నేను గూడా ఇయ్యలేదమ్మా, నా కూతురికి" అని నేల మీద కూలబడింది. ఆమె వెనక ఇంకో ఇల్లు ఒప్పుకుంది, ఆ వెనక ఇంకొకటి. మగవాళ్ళు తలపాగాల్లో ముఖాలు దాచుకుని ఏడ్చారు. బండివాడు ఎవరూ చెప్పకుండానే ఎద్దుల్ని విప్పాడు.

అత్త నా కట్లు విప్పి చెంబు అందించింది. ఆ చెంబుతోనే ఆమె నోటి మీద కొట్టాను. ముందు పన్ను ఊడింది. ఆమె రక్తం ఉమ్మి, చెంబు మళ్ళీ నింపుకొచ్చింది.

"ఇంకోటి కొడతావా? కొట్టు. తర్వాత తాగు."

కొట్టాను. కానీ చేతిలో బలం లేదు. తాగాను.

సాయంత్రం నా వీపుకు ఆముదం రాస్తుంటే ఆమెకు చెప్పాను. "అత్తా, ఆయన నీళ్ళడిగేటప్పుడు ఒక పొద్దు నువ్వు మందుకని వైద్యుడింటికి పోయినావు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాను. అప్పుడు గూడా నేను ఇయ్యలేదు."

"తెలుసు. నేనొచ్చేసరికి కుండ మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉండాది" అంది అత్త. "అది వీధికి చెప్పేదెందుకమ్మా?" అంటూ ఇంకొంచెం ఆముదం చేతిలో వంచుకుంది.