యాదగిరి కడిగిన బెల్టు

ఒక మనిషి పేరు ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. యాదగిరి.

సభల్లో లేచి నిలబడి, రుజువేదీ అని ఎదుటివాణ్ణి నిలదీసిన మనిషిని నేను. దాని మీదే నాలుగు వాక్యాలు రాయడం నేర్చుకున్నాను, దాని వల్లే నలుగురు నన్ను గుర్తుపట్టారు. రుజువు నా ఒక్కడి దగ్గరే ఉన్న రోజున మాత్రం నోరు మూసుకున్నాను. ఆ సంగతి మీకు చెబుతాను. కింద నా పేరు పెట్టే ధైర్యం ఇంకా చాలలేదు. అదీ ముందే ఒప్పుకుంటున్నాను.

ఎనభైలలో సంగతి. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి మొఘల్‌పురాలో అద్దెకుండేవాణ్ణి. కింది వాటాలో మా అక్కా, బావా. బావ గల్ఫ్‌లో ఆరేళ్లు పనిచేసి తిరిగొస్తూ ఒక జపాన్ కారు తెచ్చుకున్నాడు. దానికి ముందు సీట్లలో, లాగితే వచ్చి వదిలితే చుట్టుకుపోయే బెల్టులుండేవి. ఊళ్లో వాటిని ఎవరూ కట్టుకునేవారు కాదు. అక్క కారు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. నేను వాటిని కోసి పారేసి, నిన్ను కాపాడేది ఇది కాదు, ఆ బెల్టు అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అక్క నవ్వింది. కానీ ఆ రోజు నుంచి బెల్టు లేకుండా కారెక్కలేదు. నా మాట మీద నమ్మకంతో. ఇది గుర్తుంచుకోండి. నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

కొన్నాళ్లకు అక్క వైపు బెల్టు మొండికేసింది. వదిలితే చుట్టుకోకుండా వేలాడేది, తలుపులో ఇరుక్కునేది. ఫలక్‌నుమాలో రైలు పట్టాల దగ్గర రేకుల షెడ్డులో సీట్ల పని చేసే యాదగిరి దగ్గరికి తీసుకెళ్లాను. గల్ఫ్ నుంచి వచ్చిన కార్లన్నీ సీటు కవర్ల కోసం అతని దగ్గరికే వెళ్లేవి. అతను బెల్టును వేళ్లతో నలిపి చూసి, వాసన చూశాడు.

"దీనికేం రోగం లేదు సార్. అమ్మ తలనూనె, దుమ్ము కలిసి జిగటైంది. కడిగితే సాలు. మీరు మాత్రం నూనె పెట్టకుండ్రి, కింద బెల్టు సుట్టుకునే డబ్బ ఇప్పకుండ్రి."

బెల్టు మొత్తం బయటికి లాగి, మళ్లీ లోపలికి పోకుండా పైన క్లిప్పు పెట్టాడు. కుంకుడు రసంతో మెల్లగా రుద్ది కడిగాడు. భుజం దగ్గర బెల్టు దూరే రింగులో పేరుకున్న మురికిని గుడ్డతో తీశాడు. రెండు రోజులు నీడన ఆరితేగానీ క్లిప్పు తీయనన్నాడు. మూడో రోజు క్లిప్పు తీశాక కళ్లు మూసుకుని, మల్లన్నా అని, బెల్టును మూడుసార్లు గట్టిగా గుంజాడు. మూడుసార్లూ అది టక్కున ఆగింది. అప్పుడు కారు నాకప్పగించాడు.

నేను చూసింది దేవుడి పేరొక్కటే. ఆ గుంజుడు నాకు పూజలో భాగంలా కనిపించింది. మూడుసార్లు గుడి చుట్టూ తిరిగినట్టు, మూడుసార్లు లెంపలు వేసుకున్నట్టు. ఆ వారం మిత్రుల దగ్గర దాన్ని నటించి చూపించి నవ్వించాను కూడా.

రెండు మూడు నెలలకు బెల్టు మళ్లీ నెమ్మదించింది. యాదగిరి మళ్లీ కడగాలంటాడు, మళ్లీ మూడు రోజులు. ఎందుకు, అనుకున్నాను. యంత్రం యంత్రమే కదా, బుద్ధి ఉన్నవాడికి అర్థం కానిదేముంది? ఒక ఆదివారం పొద్దున బావ ఊళ్లో లేనప్పుడు, అక్క కూరగాయలకు వెళ్లినప్పుడు, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. కింద బెల్టు చుట్టుకునే డబ్బా మూత విప్పాను. లోపల పళ్ల చక్రం, దాని పక్కన వేలాడుతూ ఒక చిన్న ఇనుపముక్క. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ముక్క దానికి తగులుతోంది. అదిగో అడ్డం, అనుకున్నాను. తర్కం సరిగ్గా కుదిరినట్టే ఉంది. తీసి పారేశాను. మూత బిగించి వదిలితే బెల్టు సర్రున లోపలికి పోయింది. నాకు కలిగిన గర్వం చెప్పలేను. అక్క వచ్చి చూసి, యాదగిరిని మించిపోయావురా అంది. కాదు, నేను ముట్టుకున్నట్టు ఆమెకు తెలియదు. యాదగిరి పని ఇన్నాళ్లకు కుదురుకుందే అంది. చూశారా, ఇంత రాస్తూ కూడా చేయి ఎలా తప్పుతోందో. బావ కారును నేను విప్పానంటే ఆయన ఊరుకోడని ఆమెకు చెప్పనే లేదు.

నేను ఆ బెల్టును గుంజి చూడలేదు. ఒక్కసారి కూడా. గుంజడం మూఢాచారం కదా.

పది రోజులు గడిచాయి. మలక్‌పేటలో ఒక రిక్షా అడ్డం వస్తే బావ బ్రేకు తొక్కాడు. ఏమంత వేగం కూడా లేదట. అక్క కట్టుకున్న బెల్టు ఆగకుండా ఆమెతోపాటే ముందుకు సాగింది. కుదుపు తగిలితే చక్రాన్ని పట్టి ఆపేది నేను తీసి పారేసిన ఆ ఇనుపముక్కే. ముఖం ముందున్న డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. దవడ విరిగింది. ఎడమ కంటికి చూపు సగం పోయింది.

ఆసుపత్రి నుంచి బావ నేరుగా యాదగిరి షెడ్డుకు వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లాడు. బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ అతన్ని తిట్టాడు. యాదగిరి ఎదురు చెప్పలేదు. కార్లో కూర్చుని బెల్టు గుంజాడు. అది ఆగలేదు. కింద డబ్బా మీద స్క్రూల తలలు వేలితో తడిమాడు. అక్కడ నా స్క్రూడ్రైవర్ జారిన గీతలు మెరుస్తున్నాయి. తలెత్తి బావను కాదు, నన్ను చూశాడు.

"సార్, దీన్ని మీరేమన్న ఇప్పిన్రా?"

"లేదు."

"నేను గుంజి సూసినప్పుడు ఆగింది సార్. మీరు ఆడనే ఉన్నరు."

అతను నన్ను సాక్ష్యం అడుగుతున్నాడు. అంతే. చూసింది చెప్పమంటున్నాడు.

"మల్లన్న పేరు చెప్పి గుంజితే అది పరీక్ష అవుతుందా యాదగిరీ?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో నవ్వారు. యాదగిరి కారు దిగి చేతులు తుడుచుకున్నాడు.

"పేరుదేముంది సార్," అన్నాడు. "గుంజిన్నా లేదా?"

నేను జవాబు చెప్పలేదు. బావ చెప్పనివ్వలేదనుకుని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. బావ అప్పటికే తిట్టడం ఆపి పక్కన నిలబడి ఉన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరక్కుండా ఒక చిన్న పత్రికలో వ్యాసం రాశాను. పరీక్ష ఉండాల్సిన చోట మంత్రం ఉంటే మనుషుల ముఖాలు పగులుతాయని రాశాను. పేరు రాయలేదు గానీ, ఫలక్‌నుమా అన్నాను, సీట్ల పని అన్నాను. మంచి వ్యాసమని ఉత్తరాలొచ్చాయి. గల్ఫ్ కార్లు యాదగిరి దగ్గరికి వెళ్లడం మానేశాయి. ఏడాది తర్వాత అటుగా వెళితే షెడ్డులో ఎవరో సిమెంటు బస్తాలు అమ్ముతున్నారు. యాదగిరి సొంతూరు వెళ్లాడని చెప్పారు. ఏ ఊరని నేను అడగలేదు. అడిగితే వెళ్లాల్సి వస్తుంది.

ఎందుకు చేశాను? భయమా? మొదటి "లేదు" భయమే. ఆ తర్వాతది భయం కాదు. మల్లన్నను నమ్మేవాడు సరిగ్గా పరీక్షించి, నమ్మనివాడు కళ్లు మూసుకుని నమ్మాడంటే నేను చదివిందంతా ఏమైపోవాలి? దాన్ని కాపాడుకోవడానికి మనిషిని ఇచ్చేశాను. నా వాదం తప్పని ఇప్పుడూ అనను. నిమ్మకాయ ఎవర్నీ కాపాడదు. కానీ ఆ రోజు ఆ షెడ్డులో హేతువాది ఒక్కడే ఉన్నాడు, అతను నేను కాదు.

బావ పోయి నాలుగేళ్లయింది. ఈ వారమే అక్కకు చెప్పాను. కుడి వైపే నమిలి తినడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మొత్తం విన్నది.

"మీ బావ ఆయన్ని అంతమందిలో తిట్టాడు కదరా," అంది.

తన కంటి గురించి ఒక్క మాట అనలేదు. కంచం తీసుకుని లోపలికి వెళ్లింది. మూడు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.

యాదగిరి ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా ఇది అతని దాకా పోదు. అయినా రాస్తున్నాను. డబ్బా విప్పింది నేను. ఇనుపముక్క తీసింది నేను. యాదగిరి బెల్టు సరిగ్గా కడిగాడు, సరిగ్గా ఆరబెట్టాడు, గుంజి చూశాడు, అది ఆగింది. నేను అక్కడే ఉన్నాను, చూశాను.