కిటికీ పక్క కుర్చీ

ఆ చర్మవైద్యురాలి గదిలో ఏ రోగి అయినా ముందు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవలసిందే. మచ్చ మెడ మీద ఉందన్నా సరే, మేజోళ్లు విప్పించి, అరికాళ్ల నుంచి భూతద్దంతో నెమ్మదిగా పైకి వస్తుంది. చూడటం వేరు, పరికించటం వేరు, ఈమె పరికిస్తుంది. పరికించినంతసేపూ పెదవులు బిగించి, ముగిశాక కళ్లజోడు కోటు అంచుతో తుడుచుకుంటుంది. ఇంటివాళ్లకు మాత్రం వైద్యమంతా ఫోన్లోనే. కంటిరెప్ప మీద కురుపు లేచిందని అన్నగారి భార్య చెబితే, “కాపడం పెట్టు వదినా, అదే పోతుంది” అంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తే, మళ్లీ అదే మాట.

చివరికి వదినే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. “లోకంలో వాళ్ల అరికాళ్లన్నీ చూస్తావు, నా మొహం చూడ్డానికి తీరిక లేదామ్మా?” డాక్టరు నవ్వుతూనే భూతద్దం ఎత్తింది. రెప్ప అంచున పసుపుపచ్చని గడ్డ. అక్కడ వెంట్రుకలు రాలిపోయి ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. మామూలు కురుపులా కనిపించి మోసగించే అరుదైన క్యాన్సరు కావచ్చు. ఇంకా ఆలస్యమైతే కన్నే పోవచ్చు. ముక్క తీసి పరీక్షిస్తే అదే తేలింది. ఆపరేషన్ నాడు కత్తిని మరో వైద్యుడికి అప్పగించి, తీసిన ప్రతి పొర అంచునూ తానే సూక్ష్మదర్శినిలో చూసింది. చివరి పొర అంచులో క్యాన్సరు జాడ లేదు.

“కన్ను దక్కింది వదినా,” అంటూ మంచం చివర కూర్చుంది.

కట్టు లేని కంటితో వదిన చూసింది. “సంతోషమే. మరి నా మేజోళ్లెందుకు లాగుతున్నావే?”

“అరికాళ్ల నుంచి చూడాలిగా.”