పరాయి ఊళ్ళో ముద్ద

బ్యాంకాక్‌లో ఆఖరి రోజు నాతో వచ్చినవాళ్ళంతా పొద్దున్నే బట్టల సంతకు పోయారు. మేమంతా బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే చిన్న చిన్న షెడ్లవాళ్ళం. కొత్తరకం కుట్టు మిషన్లు చూడటానికని బయల్దేరిన యాత్ర అది. మిషన్లను ఒక పూట చూశాం, మిగతా పూటలన్నీ బజార్లు చూశాం. "ఒక్కదానివి ఈడ ఏం చేస్తావక్కా? సంత బాగుంటాదంట, రా" అని మా పక్క షెడ్డాయన హోటలు మెట్ల మీద చాలాసేపు బతిమాలాడు. పొద్దస్తమానం బట్టల మధ్యే బతికేదాన్ని, సముద్రం దాటి వచ్చి కూడా వాటినే చూడమంటే ఎట్లా? తలనొప్పని చెప్పి తప్పించుకున్నాను.

అసలు సంగతి తలనొప్పి కాదు. వాళ్ళతో కూర్చుని తినడం నా వల్ల కావడం లేదు. మా అక్క పోయి అప్పటికి ఏడాది దాటింది. నాకు అన్నం సయించక కూడా అంతే అయింది.

అక్కకు మొగుడు పోయాడు, నాకు పెళ్ళి కుదరలేదు. ఇద్దరమూ మా ఊరు మోక నుంచి బళ్ళారి చేరి షెడ్డు పెట్టుకున్నాం. మధ్యాహ్నం మిషన్లు ఆపాక ఒకే కంచంలో తినేవాళ్ళం. కంచంలో చెయ్యి పెట్టేది మాత్రం అక్క ఒక్కతే. తను కలిపి ఒక ముద్ద నా అరచేతిలో పెట్టేది, తర్వాతి ముద్ద తను తినేది. చిన్నప్పుడు అమ్మ మాకు అట్లాగే పెట్టేది. అమ్మ పోయాక ఆ పని అక్క తీసుకుంది. యాభై దాటినదానికి ముద్దలు పెట్టడమేమిటని షెడ్డులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను సిగ్గుపడి చెయ్యి లాక్కుంటే అక్క ఊరుకునేది కాదు.

"చెయ్యి పట్టు పాపా. కలిపేకి నేనుండా కదా" అనేది.

ఇప్పుడు అన్నంలోకి పులుసు ఎంత పోసుకోవాలో కూడా నా చేతికి తెలియడం లేదు. రవికలు వదులైపోతే రెండుసార్లు నేనే కుట్లు వేసి బిగించుకున్నాను. డాక్టరు నాకు జబ్బేమీ లేదన్నాడు, ఇట్లాగే ఉంటే వస్తుందనీ అన్నాడు. ఊరు మారితే ఆకలి దానంతటదే పుడుతుందని తోసి పంపారు అందరూ. పుట్టలేదు. హోటల్లో మావాళ్ళు వెంట తెచ్చుకున్న చట్నీపొడి కలుపుకుని కబుర్లాడుతూ తింటుంటే, సగం మిగిలిన నా కంచం ఎవరి కంటబడుతుందోనని నాకు బెదురు. చూస్తే జాలిపడతారు. ఆ జాలి అంటే నాకు ఒళ్ళుమంట.

హోటలుకు దగ్గరలోనే పెద్ద పార్కు ఉంది. లోపల చెరువు, చెరువులో హంసల ఆకారం పడవలు, ఒడ్డున ముసలివాళ్ళు గుంపుగా చేతులు మెల్లగా తిప్పుతూ వ్యాయామం. ఉడుములు కూడా ఉన్నాయి, ఒక్కొక్కటి మనిషంత పొడుగు. మా ఊళ్ళ వైపు ఉడుము కనబడితే పట్టుకోవడానికి దాని వెనక మనుషులు పరిగెత్తుతారు. ఇక్కడ అది బాట మధ్యలో అత్తగారిలా నింపాదిగా పోతుంటే జనమే ఆగి దారి ఇస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఇది అక్కకు చెప్పాలి అనుకున్నాను. అనుకున్న వెంటనే ఉడుమును వదిలేసి వేరే బాట పట్టాను.

ఎండెక్కేదాకా అట్లా తిరుగుతూనే ఉన్నాను. జంటలు, పిల్లలు, కుక్కలను పట్టుకున్నవాళ్ళు. అంత జనంలో నా భాష ఒక్కరికీ రాదు. అప్పటికి నాకు అదే హాయిగా ఉంది, దానికే ఏడుపూ వస్తోంది.

గేటు బయట ఒకామె రోట్లో పచ్చి బొప్పాయి తురుము వేసి దంచుతోంది. మా ఊళ్ళో పచ్చి బొప్పాయి జోలికి ఎవరూ పోరు. కానీ అందులో చెనక్కాయ విత్తనాలు, బెల్లం, నిమ్మరసం పడుతుంటే ఆ వాసనకు ఆగిపోయాను. ఆమె ఒక మిరపకాయ ఎత్తి, చాలునా అన్నట్టు చూసింది. ఇంకా వెయ్యమన్నాను. ఇంకొకటి వేసి, ఓర్చుకోగలవా అన్నట్టు మొహం పెట్టింది. తాతకు దగ్గులు నేర్పుతోంది, బళ్ళారిదాన్ని కదా నేను. గుప్పెడు పడేదాకా వెయ్యమని, ఆమె కట్టిచ్చిన డబ్బా, ఒక కవరులో జిగురన్నం పట్టుకుని మళ్ళీ లోపలికి పోయి చెరువొడ్డున బెంచీ మీద కూర్చున్నాను. అటు చివర ఒక ముసలమ్మ టోపీతో విసురుకుంటూ కూర్చుని ఉంది.

మా వైపు ఎవరి ముందైనా తిండి విప్పితే, రాండి తిందాం అని పిలవాలి. అవతలివాళ్ళు, కానీండి, ఇప్పుడే అయింది అనాలి. పిలవకుండా తింటే తప్పు, పిలిచారు కదా అని నిజంగా వచ్చి కూర్చుంటే ఇంకా తప్పు. నా నోరు ఏ ఊళ్ళో ఉన్నానో చూసుకోలేదు.

"రామ్మా, తిందాం" అన్నాను, చేత్తో కూడా పిలుస్తూ.

ఆమె డబ్బా వైపు చూసింది, నా మొహం చూసింది, సంచీ తీసుకుని జరిగి నా పక్కకు వచ్చేసింది. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ జిగురన్నాన్ని ప్లాస్టిక్ చెంచాతో పొడుస్తున్న నన్ను చూసి, తినడం తెలియని పరదేశి అనుకున్నట్టుంది. చెంచా తీసి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని అన్నం చిదిమి, వేళ్ళతో చిన్న ముద్ద చేసి, బొప్పాయికి అద్ది నా అరచేతిలో పెట్టింది.

నోట్లో పెట్టుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళు. మిరపకాయల పని అనుకుని ఆమె పడీ పడీ నవ్వింది. అట్లాగే అనుకోనీ అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె ఒక ముద్ద తిని, మళ్ళీ నాకొకటి చేసింది. చాలు అనడానికి అలవాటు కొద్దీ సగం కన్నడంలో "సాకమ్మా, సాకు" అన్నాను. ఆమెకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు కాబట్టి ఇంకో ముద్ద వచ్చింది.

కాసేపటికి ఆమెను ఎవరో కేకేశారు. నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. మిగిలిన అన్నం నా ఒళ్ళో ఉంది. నేనే చిదిమి, నేనే ముద్ద చేసుకున్నాను. మొదటిది వంకరగా వచ్చింది, రెండోది నయం. తింటూ పోయాను.

చూసుకుంటే డబ్బాలో ఏమీ లేదు. ఏడాదిగా నా కంచంలో రోజూ సగం మిగిలేది, ఆకలి లేకే అనుకునేదాన్ని. ఆ సగం అక్కదని ఇప్పుడు తెలిసింది. దాన్ని కూడా నేనే తినేశాను. అక్క పోయిందని అందరితో చెబుతూనే ఉన్నాను గానీ, నేను నమ్మింది ఆ బెంచీ మీదే, కడుపు నిండిన తర్వాత.