ఒంటిరెక్క తలుపు

కరువు ఏండ్లలో ఒకనాటి పొద్దున నాగలమడికలో పావగడ బస్సెక్కి మూల సీటులో కూర్చున్నాను. వెనకనే ఒక ముసలాయన ఇంటి తలుపొకటి ఎక్కించుకొచ్చి నా మోకాళ్ళకు ఆనించి నిలబెట్టినాడు. ఇంక నేను కదిలేదానికి లేదు.

"వడ్లాయనతో దీనికి కొత్త గొళ్ళెం పెట్టిచ్చాలప్పా," అన్నాడు. "మా ఊరి ఇస్కూలుకు వచ్చిన మేష్ట్రు ఎవురూ నిలబడరు. ఉండేదానికి ఇల్లు లేదంటారు. అందుకే ఊరంతా కలిసి గోడలు లేపినాం. ఇంటికొక మోపు బోదగడ్డి తెచ్చి కప్పినాం. తలుపొకటే లేకపోయింది, మా ఇంటిది పీకినా."

"మరి మీ ఇంటికి?"

"వాన లేదు, శెనక్కాయ లేదు. మా ఇంట్లో దొంగ ఎత్తుకపోయేది ఏముండాదప్పా?"

ఏ ఊరని అడిగినాను. చెప్పినాడు. నన్ను కొత్తగా మేష్ట్రుగా వేసింది ఆ ఊరికే. వేరే ఊరికి మార్చమనే అర్జీ నా జేబులో ఉంది. అక్కడ ఉండడానికి ఇల్లు లేదని అందులో కారణం రాసినాను.

"సదువుకున్నోడివి, నువ్వు చెప్పు. గొళ్ళెం లోపల పెట్టిచ్చేదా, బయటా?"

నేను నోరు తెరిచేలోపల వెనక సీటులో ఎవరో, "బయటే పెట్టిచ్చు తాతా, మేష్ట్రు పారిపోకుండా!" అన్నారు. బస్సంతా నవ్వింది. తలుపు చాటున నేనూ నవ్వినాను.

పావగడలో తలుపు దించేటప్పుడు ఒక కొస నేనే పట్టుకున్నాను. ఆయన నాకు దండం పెట్టి పోయినాడు. నేను ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చినాను. అందులో ఒక్క అక్షరం మార్చలేదు.